సరుకు ఫోటో ఈ-మెయిల్‌లో: మచ్చుకు సాక్షి గాని, మచ్చుకు బదులు కాదు

ఖమ్మం: సరుకు కంట పడకుండానే బేరం కుదరడం మన వ్యాపారంలో కొత్త విషయం కాదు. మచ్చు గుడ్డసంచిలో కట్టి బస్సులో పంపడం, ట్రంక్ కాల్‌లో ధర చెప్పుకోవడం, టెలిగ్రామ్‌తో ఒప్పందం ఖాయం చేసుకోవడం ఒక తరం వర్తకులకు రోజూ జరిగిన పనే. టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ముగిసింది. తరువాత వచ్చిన ఫ్యాక్స్‌లో కాగితం వెళ్లేది గాని రంగు వెళ్లేది కాదు. అందులో తేజ కాయ, తాలు కాయ రెండూ నల్లగానే కనిపించేవి. ఇప్పుడు మచ్చు కంటే ముందుగా మచ్చు ఫోటో వెళుతున్నది. చెన్నయ్‌లోని ఎగుమతిదారు, నాగపూర్‌లోని వ్యాపారి, చైనాకు సరుకు నింపే ఏజెంటు, అందరి మొదటి మాటా ఒక్కటే: ఫోటోలు మెయిల్ చేయండి.

ధర నిలకడగా ఉన్నంత కాలం ఈ పద్ధతిలో చిక్కు కనిపించదు. చిక్కు బజారు కదిలినప్పుడే. లారీ దారిలో ఉండగా ధర పడిందంటే, ఫోటోలో ఉన్న ఎరుపు సరుకులో లేదని కొన్నవారు అంటారు. ధర పెరిగిందంటే, ఫోటోలోని లాటు అది కాదని అమ్మినవారు అంటారు. మధ్యలో లారీ వెయిటింగు, దింపుడు కూలి, అక్కడి కోల్డ్ స్టోరేజి అద్దె, తిరుగు కిరాయి ఎవరి మీద పడాలన్నదే తగాదా. కనుక ఫోటో ఎట్లా తీయాలి, మెయిల్‌లో ఎట్లా పంపాలి, దాని మాట ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి వర్తకులు, బ్రోకర్లు తెలిసి ఉండవలసిన విషయాలు.

మెయిల్‌లో ఫోటో ఎట్లా వెళుతుంది

ఈ-మెయిల్ మొదట అక్షరాల కోసమే పుట్టింది. ఫోటోలు, ఇతర ఫైళ్లు జత చేసే పద్ధతిని నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు రూపొందించగా 1992లో అది ప్రమాణంగా వెలువడింది. దాని పేరు మైమ్. ఆ పద్ధతి ప్రకారం ఫోటో ముందుగా అక్షరాలుగా మారి, అక్షరాల రూపంలోనే ప్రయాణం చేసి, అవతలి కంప్యూటర్‌లో మళ్లీ ఫోటో అవుతుంది. ఇందులో ప్రతి మూడు భాగాలు నాలుగు అక్షరాలవుతాయి. అంటే ఫైలు పరిమాణం దారిలో సుమారు మూడో వంతు పెరుగుతుంది. సరుకు తూకానికి గోనె బరువు కలిసినట్లే దీనిని భావించవచ్చు.

ఈ లెక్క ఎందుకంటే, మెయిల్‌కు హద్దు ఉన్నది. జీమెయిల్‌లో ఒక ఉత్తరానికి జత చేసే ఫైళ్ల హద్దు 25 మెగాబైట్లు. అంతకు మించితే ఫైలు జతగా వెళ్లదు. గూగుల్ డ్రైవ్‌లో చేరి, దాని లింకు మాత్రమే వెళుతుంది. ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కొక్కటి 4 మెగాబైట్లు ఉన్నదనుకుంటే, 8 ఫోటోలు 32 అవుతాయి. దారిలో 43కు చేరతాయి. 3 ఫోటోలైతే 12, దారిలో 16. కొన్ని కంపెనీల సర్వర్లకు హద్దు ఇంకా తక్కువ ఉంటుంది. కనుక 8 ఫోటోలు పంపవలసి వస్తే ఒకే ఉత్తరంలో కుక్కక, మూడు ఉత్తరాలుగా విడదీసి, విషయం వరుసలో లాటు నంబరుతో పాటు 1/3, 2/3, 3/3 అని రాయడం మంచిది. ఏ ఉత్తరం అందలేదో అవతలివారికి వెంటనే తెలుస్తుంది.

లింకు పంపడంలో ఒక ఇబ్బంది ఉన్నది. జత చేసిన ఫైలు అవతలివారి పెట్టెలో నిలిచి ఉంటుంది. లింకులోని ఫైలు పంపినవారి దగ్గరే ఉంటుంది; దానిని వారు తీసివేయవచ్చు, చూసే అనుమతి మార్చవచ్చు. బేరానికి ఆధారంగా ఉండవలసిన ఫోటో లింకుగా వచ్చినట్లయితే, కొనేవారు ఆ రోజే దింపుకొని భద్రపరచుకోవాలి.

వాట్సాప్‌లో ఫోటోలు ఇంత సులువుగా వెళుతుంటే మెయిల్ ఎందుకని కొందరు అడుగుతుంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడుతుంది. ఫోటో తీసిన తేదీ, వేళ, స్థలం వంటి వివరాలు కెమెరా ఫైలులోనే రాసి ఉంచుతుంది. ఆ వివరాలూ అక్కడ రాలిపోతాయి. మెయిల్‌లో అసలు ఫైలును జత చేస్తే అవి ఉన్నవి ఉన్నట్లు వెళతాయి. వాట్సాప్ వాడక తప్పనప్పుడు ఫోటోగా గాక ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు ఫైలే వెళుతుంది.

ఫైలు రకం కూడా చూసుకోవాలి. జేపెగ్ రకం ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఐఫోన్‌లలో 2017 నుంచి వచ్చిన హెచ్‌.ఇ.ఐ.సి. రకం పాత కంప్యూటర్లలో తెరుచుకోకపోవచ్చు. జేపెగ్ ఫైలును తెరిచి, కత్తిరించి, మళ్లీ మళ్లీ భద్రపరిస్తే ప్రతిసారీ కొంత నాణ్యం పోతుంది. అసలు ఫైలును ముట్టుకోకుండా ఉంచి, కుదించిన ప్రతిని వేరుగా చేసుకోవడం సరైన పద్ధతి.

రంగు విషయంలో జాగ్రత్త

మిర్చికి ధర పలికేది ముఖ్యంగా రంగును, మెరుపును చూసి. ఫోటోలో అన్నిటికంటే తక్కువ నమ్మదగినది కూడా రంగే. ట్యూబ్‌లైటు కింద తీసిన కాయ పాలిపోయి కనిపిస్తుంది. పసుపు బల్బు కింద అదే కాయ పండు ఎరుపుగా కనిపిస్తుంది. నీలం టార్పాలిన్ మీద పోసిన రాశికి నీలి ఛాయ అంటుతుంది. ఫోన్ కెమెరా తనంతట తాను రంగులను సరిచేసి, చాలాసార్లు ఎరుపును మరింత ఎరుపు చేస్తుంది. ఆపైన చూసేవారి తెర వేరు, దాని వెలుగు వేరు.

దీనికి తేలికైన ఉపాయం ఒకటి ఉన్నది. కాయ పక్కన తెల్ల కాగితం ఒకటి పెట్టి ఫోటో తీయాలి. కాగితం ఫోటోలో తెల్లగా ఉంటే కాయ రంగును దాదాపు నమ్మవచ్చు. కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే కాయ రంగు కూడా ఆ మేరకు మారిందని కొనేవారు గ్రహించగలరు. ఉదయం పూట, ఎండ సూటిగా తగలని నీడలో, ఫ్లాష్ లేకుండా తీయడం శ్రేయస్కరం. కాయ పొడవు తెలియడానికి పక్కన స్కేలు పెట్టాలి. రంగులు దిద్దే ఫిల్టర్లు వాడరాదు.

అమ్మేవారిలో కొందరు ఫోటో ఎంత అందంగా ఉంటే బేరం అంత బాగుంటుందని అనుకుంటారు. అది పొరపాటు. ఫోటో సరుకు కంటే బాగున్నదంటే, లారీ దిగిన చోట తగ్గింపు అడగడానికి కొనేవారి చేతికి మనమే ఆధారం ఇచ్చినట్లు.

ఫోటో చెప్పలేనివి

మచ్చు చేతిలోకి తీసుకున్న వ్యాపారి కాయను గిల్లి చూస్తాడు, గుప్పెట నొక్కి తేమ చూస్తాడు, గింజ రాలే చప్పుడు వింటాడు, వాసన పట్టి కోల్డ్ స్టోరేజిలో ఎంతకాలం ఉన్నదో అంచనా కడతాడు. ఇవేవీ ఫోటోలో రావు. తేజ రకానికి గిరాకీ తెచ్చినది దాని ఘాటు. ఘాటును లెక్కించే స్కోవిల్ కొలత 1912 నుంచి ఉన్నది. నేడు అది ప్రయోగశాలలో యంత్రంతో తేలవలసినదే. రంగును కొలిచే ఆస్టా లెక్క కూడా ప్రయోగశాలదే. నీళ్లు చల్లిన కాయ ఫోటోలో నిగనిగలాడుతుంది, తూకంలో మోసం చేస్తుంది, నిల్వలో బూజు పడుతుంది.

బూజు వలన పుట్టే అఫ్లాటాక్సిన్ విషం కంటికి కూడా కనిపించదు. ఐరోపా దేశాలు ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1కు కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని అఫ్లాటాక్సిన్లు కలిపి 10 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టినవి. సూడాన్ రంగుల సంగతి అందరికీ తెలిసినదే. 2003లో ఐరోపా సంఘం మిర్చి దిగుమతులకు పరీక్ష సర్టిఫికెట్ కావాలని పట్టుబట్టింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో సూడాన్ కలిసిన కారం వాడిన వందలాది ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కు తీసుకున్నారు. ఆ కారం కంటికి ఎర్రగానే ఉన్నది. చూపుకు అందనిది కెమెరాకు అందదు. ఎగుమతి సరుకుకు ఫోటోతో పాటు ప్రయోగశాల నివేదిక నకలు జత చేయడం ఇందుకే.

ఏయే ఫోటోలు పంపాలి

ఉదాహరణకు 200 బస్తాల లాటు అనుకుందాం. మొదటి ఫోటోలో లాటు మొత్తం, బస్తాల మీది మార్కు, లాటు నంబరు, ఆనాటి తేదీ రాసిన కాగితం కనిపించాలి. రెండవది మూతి విప్పిన బస్తా. మూడవది బస్తా అడుగు నుంచి తీసిన కాయ. తగాదా పుట్టేది ఎప్పుడూ అడుగు కాయ దగ్గరే. నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. అక్కడక్కడి బస్తాల నుంచి తీసి కలిపిన కిలో మచ్చులో మంచి కాయ, తాలు, మచ్చ కాయ, విరిగిన ముక్కలు, గింజ వేరు చేసి, ఒక్కొక్క కుప్పను కాటాపై పెట్టి, అంకె కనిపించేలా ఫోటో తీయాలి. తాలు తక్కువ అనే మాటకు విలువ లేదు. కిలోకు ఇన్ని గ్రాములు అన్నదానికి ఉన్నది. తరువాత తేమ యంత్రం అంకె, వేబ్రిడ్జి చీటీ. ఏసీ సరుకైతే కోల్డ్ స్టోరేజి రసీదు కూడా చేర్చాలి.

ఆ కలిపిన మచ్చునే మూడు పొట్లాలుగా కట్టి, సీలు వేసి, సంతకాలు చేసి, ఒకటి కొనేవారికి పంపి, ఒకటి అమ్మేవారు, ఒకటి బ్రోకరు దగ్గర ఉంచుకోవాలి. సీలు వేసిన మూడు పొట్లాల ఫోటో, వాటి నంబర్లతో, మెయిల్‌లో వెళ్లాలి. ఏ మచ్చు ఏ లాటుదో, ఏ రోజు తీసినదో ఇకపై ఎవరూ మార్చలేరు. మచ్చు పలికేది నాణ్యం గురించి. ఫోటో పలికేది మచ్చు గురించి. ఫోటోకు వ్యాపారంలో ఉన్న అసలు పని ఇదే.

ఉత్తరంలో నాలుగు మాటలు తప్పక రాయాలి: రకం, బస్తాలు, తూకం, ఏసీ లేదా నాన్ ఏసీ, ధర ఏ వేళ వరకు నిలుస్తుంది, సరుకు సీలు వేసిన మచ్చు ప్రకారమే గాని ఫోటో రంగు ప్రకారం కాదు, తిరస్కరణ జరిగితే తనిఖీ ఎక్కడ, ఖర్చు ఎవరిది. మార్కెట్‌లో ఆనాటి జెండా పాట ధరకు, ఫోటో చూసి చెప్పిన ధరకు సంబంధం ఏమిటో కూడా రాసుకోవడం మంచిది.

అడవి సరిహద్దు సరుకు సంగతి

చర్ల, దుమ్ముగూడెం మండలాలలో గోదావరి ఒడ్డున పండే మిర్చికి ఈ విషయం మరింత ముఖ్యం. భద్రాచలం నుంచి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు; చర్ల వైపు నుంచి ఇంకా ఎక్కువ. కళ్లంలోని కాయ ఫోటో చూసి ధర చెబితే, ఆ మాట నమ్మి రైతు బండి కట్టిస్తాడు. యార్డుకు చేరిన తరువాత రంగు లేదని వందలు తగ్గిస్తే, తిరుగు కిరాయి పెట్టుకొని సరుకు వెనక్కు తీసుకుపోవడం అతని వల్ల కాదు. చెప్పిన ధరకు ఒప్పుకోక తప్పని స్థితి అది. కనుక ఫోటో చూసి చెప్పేది అంచనా ధర మాత్రమేనని, ఏ లోపానికి ఎంత తగ్గుతుందో ముందే రైతుకు విడమరచి చెప్పడం కమీషన్ వ్యాపారి ధర్మం. అట్లా చెప్పిన వ్యాపారి దగ్గరకే మరుసటి ఏడు సరుకు వస్తుంది.

అడవి పల్లెల్లో సిగ్నల్ అన్నిచోట్లా అందదు. ఇటువంటి చోట్ల మెయిల్‌కు ఒక అనుకూలం ఉన్నది. ఫోన్‌లోని మెయిల్ యాప్‌లో ఉత్తరం సిద్ధం చేసి పంపితే, సిగ్నల్ లేనంతసేపు అది అవుట్‌బాక్స్‌లో వేచి ఉండి, సిగ్నల్ అందగానే వెళుతుంది. ఉత్తరం వెళ్లిన వేళకు, ఫోటో తీసిన వేళకు తేడా ఉంటుంది గనుక తీసిన రోజును కాగితంపై రాసి ఫోటోలోనే చూపించాలి.

అటవీ ఫలసాయానికి నిబంధనలు వేరు. షెడ్యూల్డ్ ప్రాంతాలలో నిర్ణీత ఫలసాయాన్ని గిరిజనుల నుంచి కొనే హక్కు 1979 రెగ్యులేషన్ కింద గిరిజన సహకార సంస్థది. 1956లో ఏర్పడిన ఆ సంస్థ నుంచి రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. కనుక గిరిజనుని ఇంటి ముందున్న తపసి జిగురు ఫోటో తీసి బయట బేరం పెట్టడం చట్టానికి విరుద్ధమయ్యే పని. సంస్థ అమ్మే నిల్వలను కొని, వాటిని మరొకరికి అమ్మే వర్తకులకే ఫోటో అవసరం. జిగురును తెలుపును బట్టి గ్రేడ్లుగా విడదీస్తారు గనుక అక్కడ తెల్ల కాగితం మరింత ఉపయోగిస్తుంది. తునికాకు విషయంలో కట్ట పైన కనిపించేది ఒక్క ఆకే. కట్టకు 50 ఆకులు, ప్రామాణిక సంచికి 1000 కట్టలు. ఒక కట్టను విప్పి 50 ఆకులూ పరచి తీసిన ఫోటోకే విలువ ఉంటుంది.

2014లో కూనవరం, చింతూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినందున, సరుకు ఏ రాష్ట్రంలో నిల్వ ఉన్నదో ఉత్తరంలో స్పష్టంగా రాయాలి. మార్కెట్ ఫీజు, పర్మిట్ లెక్కలు దానిపై ఆధారపడతాయి. ఫోన్‌లో లొకేషన్ తెరిచి ఉంటే ఫోటో ఫైలులో స్థలం కూడా నమోదవుతుంది. సరుకు ఎక్కడ ఉన్నదో రుజువు కావలసినప్పుడు అది మేలు. సరుకు దొరికే చోటు పోటీదారుకు తెలియకూడదనుకుంటే దానిని ముందే ఆపివేయాలి.

చట్టం ఏమంటున్నది

సరుకుల విక్రయ చట్టం 1930 నాటిది. దాని 17వ సెక్షన్ ప్రకారం మచ్చు చూపి అమ్మిన సరుకు నాణ్యంలో మచ్చుతో సరిపోవాలి. రెండింటినీ పోల్చి చూసుకునే అవకాశం కొనేవారికి ఉండాలి. మచ్చును మామూలుగా పరీక్షిస్తే బయటపడని, సరుకును అమ్మకానికి పనికిరాకుండా చేసే లోపం సరుకులో ఉండరాదు. 15వ సెక్షన్ ప్రకారం మచ్చుతో పాటు వర్ణన కూడా ఇచ్చి అమ్మితే, సరుకు రెండింటికీ సరిపోవాలి. మెయిల్‌లో మనం రాసే ‘తేజ, నాన్ ఏసీ, తొడిమతో’ అన్న మాటలు వర్ణన కిందికి వస్తాయి. అందుకే రాసే ప్రతి మాటా ఆచి తూచి రాయాలి.

మెయిల్‌లో కుదిరిన ఒప్పందం, కేవలం మెయిల్‌లో కుదిరినందువల్ల చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతున్నది. బాక్సైట్ కొనుగోలుకు సంబంధించిన ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో ఈ-మెయిళ్ల ద్వారా ధర, పరిమాణం, షరతులు కుదిరితే ఒప్పందం పూర్తయినట్లేనని సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. పద్ధతిగా సంతకాల కాగితం తయారు కాలేదన్న వాదన అక్కడ నిలవలేదు. కనుక ఫోటోకు జవాబుగా ‘సరే, పంపండి’ అని మెయిల్ కొట్టే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

కోర్టులో ఫోటో నకలును, మెయిల్ నకలును రుజువుగా చూపాలంటే సర్టిఫికెట్ కావాలి. ఇంతకు ముందు సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ కింద ఉన్న ఈ నిబంధన, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కిందికి వచ్చింది. సర్టిఫికెట్ నమూనాలో ఫైలు హ్యాష్ విలువను కూడా అడుగుతారు. ఇది ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫోటోలో ఒక్క చుక్క మార్చినా ఇది మారిపోతుంది. అసలు ఫైలును, అసలు మెయిల్‌ను చెరపకుండా ఉంచుకోవలసిన అవసరం ఇక్కడే తెలుస్తుంది. బాకీ పూర్తిగా తీరి, లెక్క ముగిసే వరకు వాటిని తీసివేయరాదు.

మోసాల గురించి హెచ్చరిక

ఒకే ఫోటోను పది లాట్లకు తిప్పడం, పాత ఏడాది ఫోటోను కొత్త సరుకుకు చూపడం జరగవచ్చు. అనుమానం వస్తే, తాము చెప్పిన అంకెను అప్పటికప్పుడు కాగితంపై రాసి బస్తాల పక్కన పెట్టి మళ్లీ ఫోటో పంపమని కొనేవారు అడగాలి. సరుకు ఉన్నవారికి అది అయిదు నిమిషాల పని.

దీనికంటే పెద్ద ప్రమాదం డబ్బు దగ్గర ఉన్నది. బేరం పూర్తయిన తరువాత, అమ్మేవారి చిరునామాలో ఒక అక్షరం మాత్రమే తేడా ఉన్న మెయిల్ నుంచి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అంటూ చెక్కు ఫోటో రావచ్చు. చెక్కు ఫోటోను దిద్దడం కష్టమేమీ కాదు. ఖాతా మారిందన్న మాట ఏ మెయిల్‌లో వచ్చినా, ముందునుంచి తెలిసిన నంబరుకు ఫోన్ చేసి, గొంతు విని నిర్ధారించుకున్న తరువాతే డబ్బు పంపాలి. మోసం జరిగినట్లు తెలిస్తే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

మొత్తం మీద వర్తకులు గుర్తుంచుకోవలసినది ఇది. ఫోటో బేరాన్ని మొదలు పెట్టగలదు, మచ్చుకు గుర్తు కాగలదు, తగాదాలో సాక్ష్యం చెప్పగలదు. ఘాటు, తేమ, వాసన మాత్రం చెప్పలేదు. ఫోటో చూసి ధర మాట్లాడుకుని, మచ్చు చూసి ధర ఖాయం చేసుకుని, సీలు పొట్లంతో సరుకు దించుకున్న బేరంలో లారీ వెనక్కు తిరిగే పరిస్థితి అరుదుగా వస్తుంది.